మన మీద రాసింది ఏ పేరు కింద ఉంది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా బెల్లంపల్లిలో యువతీ యువకుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 అంటే మనం కుమ్రం భీమ్‌ను తలుచుకుంటాం. జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడుకుంటాం. సంఘం వాళ్లు నాకిచ్చిన అంశం మాత్రం వేరు. డిగ్రీ, పీజీ చదువుతున్న మన పిల్లలు, అందులోనూ జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివేవాళ్లు, పరిశోధనకు కావలసిన వ్యాసాలను లైబ్రరీ డేటాబేసుల్లో ఎట్లా వెతుక్కోవాలో చెప్పమన్నారు. పండుగ పూట ఇదేం ముచ్చట అని పెద్దవాళ్లకు అనిపించొచ్చు. కాసేపు ఓపిక పట్టండి. ఇదీ మన ముచ్చటే.

మన పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చూస్తుంటాను. రెండో అధ్యాయం 'సాహిత్య సమీక్ష' అని ఉంటుంది. అందులో రెండు పేజీలు ఎక్కడినుంచో తెచ్చి పెట్టిన నిర్వచనాలు, చివర ఒక వాక్యం: ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదు. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. జరగలేదా, లేక మనకు దొరకలేదా? రెండింటికీ చాలా తేడా ఉంది. జరగకపోతే ఆ పని మనం మొదలుపెట్టాలి. జరిగి ఉండి మనం చూడకపోతే, మన గురించి ఇతరులు ఏం రాసిపెట్టారో తెలియకుండానే మాట్లాడుతున్నాం అన్నమాట. వాళ్లు రాసింది తప్పైతే దిద్దే అవకాశం కూడా పోతుంది.

నిజానికి మన మీద రాయడం ఎప్పుడో మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో భీమ్‌ను చంపిన తర్వాత, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఒక ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రజ్ఞుణ్ని ఇటు పంపింది. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆయన మార్లవాయిలో ఉండి పని చేశాడు. 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో నాలుగు నివేదికలు, 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్', 1979లో 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్', 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' వచ్చాయి. ఈ చివరిదాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టింది. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర ఉన్నాయి. కొలామి భాష మీద ఎమెనో రాసిన పుస్తకం 1955లోనే వచ్చింది. మన కాలానికి వస్తే, గోండుల చరిత్ర మీద భంగ్యా భూక్యా రాసిన 'ది రూట్స్ ఆఫ్ ది పెరిఫెరీ' 2017లో అచ్చయింది. ఇవన్నీ పుస్తకాలు. జర్నళ్లలో వచ్చిన వ్యాసాలు వీటికి ఎన్నో రెట్లు.

మరి మన పిల్లలకు ఎందుకు దొరకడం లేదు? నాకు తెలిసినంతలో అసలు కారణం ఇంగ్లీషు కాదు, ఇంటర్నెట్ కాదు. పేరు.

డేటాబేస్ అనేది మీరు ఏ అక్షరాలు కొడితే ఆ అక్షరాలు వెతికే యంత్రం. మీ మనసులో ఏముందో దానికి తెలియదు. ఇప్పుడు మన పేర్లు చూడండి. బయటివాళ్లు గోండ్ అంటారు, రాజ్‌గోండ్ అని కలిపీ రాస్తారు, విడదీసీ రాస్తారు. మనల్ని మనం కోయ్‌తుర్ అనుకుంటాం. కొలాములు తమను కొలావర్ అని చెప్పుకుంటారు, తెలుగువాళ్లు వాళ్లను మన్నేవార్లు అని పిలిచే చోట్లున్నాయి, పాత పుస్తకాల్లో ఆ పేరు కూడా కనిపిస్తుంది. తోటి పదంలో ఇంగ్లీషు 'టి' తర్వాత 'హెచ్' పెట్టినవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు. నాయక్‌పోడ్ అయితే మరీ కష్టం. 'ఎన్, ఏ, ఐ' అని మొదలుపెడతారు, 'ఎన్, ఏ, వై' అనీ మొదలుపెడతారు, చివర 'యు' ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. పైగా ప్రభుత్వ షెడ్యూల్డ్ తెగల జాబితాలో గోండ్, నాయక్‌పోడ్, రాజ్‌గోండ్, కోయ్‌తుర్ అందరూ ఒకే వరుసలో ఉన్నారు. జాబితా లెక్కల మీద ఆధారపడిన వ్యాసంలో నాయక్‌పోడ్‌ల సంగతి గోండుల అంకెలోనే కలిసిపోయి ఉంటుంది. భీమ్ పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. కుమ్రం, కొమురం, కొమరం, కుమురం. భీమ్, భీము. ఒక్క రూపం కొట్టి, ఏమీ రాలేదని కంప్యూటర్ మూసేసినవాళ్లు ఎంతమందో!

ఊరి పేరుకూ అంతే. బెల్లంపల్లి చివర ఇంగ్లీషులో 'ఐ' రాసినవాళ్లూ ఉన్నారు, 'వై' రాసినవాళ్లూ ఉన్నారు. ఇంకో సంగతి, మంచిర్యాల జిల్లా అయింది 2016 అక్టోబరులో. తెలంగాణ రాష్ట్రం వచ్చింది 2014 జూన్‌లో. అంటే మీరు 'తెలంగాణ, మంచిర్యాల' అని వెతికితే ఎక్కువగా గత పదేళ్ల వ్యాసాలే కనిపిస్తాయి. అంతకు ముందటివి 'ఆంధ్రప్రదేశ్, ఆదిలాబాద్' కింద ఉంటాయి. 1956కు ముందటివైతే 'హైదరాబాద్ స్టేట్' కింద. మనం కదలకుండా ఉన్నచోటనే ఉన్నాం, మన పైన పేర్లు మారుతూ పోయాయి.

ఇక్కడ ఒక తమాషా చెప్తాను. 'గోండ్' అనే మాట చివర నక్షత్రం గుర్తు పెడితే, ఆ అక్షరాలతో మొదలయ్యే అన్ని మాటలనూ డేటాబేస్ తెచ్చిస్తుంది. గోండ్స్, గోండి, అన్నీ ఒకేసారి. మంచి ఉపాయమే. కానీ దాంతో పాటు గోండ్వానా కూడా వస్తుంది. మీరు జర్నలిజం కోసం వెతుకుతుంటే తెర నిండా రాళ్లు, శిలాజాలు, బొగ్గు పొరలు! భూగర్భ శాస్త్రంలో ఆ పేరున్న రాతి పొరలకు, ఆ పేరున్న పాత ఖండానికి, ఆ పేరు మన గోండుల నేల నుంచి పోయిందే. ఈ బెల్లంపల్లి బావుల్లో తవ్విన బొగ్గును కూడా శాస్త్రజ్ఞులు గోండ్వానా బొగ్గు అనే అంటారు. పేరు మనది, వ్యాసాలు మాత్రం బొగ్గువి. సింగరేణి అని వెతికినా అంతే. గని పైకప్పుకు ఏ బోల్టు వేయాలి, గాలి ఎట్లా ఆడాలి అనేవే ముందు వరుసలో నిలబడతాయి.

అప్పుడు ఏం చేస్తారు? 'నాట్' అనే మాట వాడి బొగ్గును తీసేయొచ్చు. గోండ్ కావాలి, బొగ్గు వద్దు అని చెప్పడం. చాలా పాఠాల్లో ఇదే నేర్పుతారు. మన ప్రాంతంలో మాత్రం నేను వద్దంటాను. ఎందుకంటే బొగ్గు గని కోసం ఊరు ఖాళీ చేసిన గోండుల మీద ఎవరైనా వ్యాసం రాస్తే, అందులో గోండ్ ఉంటుంది, బొగ్గూ ఉంటుంది. 'బొగ్గు వద్దు' అన్న మరుక్షణం ఆ వ్యాసం మీ కళ్ల ముందు నుంచి పోతుంది. పోయిందని కూడా మీకు తెలియదు. దానికి బదులు మీకు కావలసినదాన్నే జోడించండి. గోండ్‌తో పాటు రేడియో, లేదా పత్రిక, లేదా కథాగానం. రాళ్లు వాటంతట అవే పక్కకు పోతాయి. డేటాబేస్ పక్కన 'సబ్జెక్ట్' అని గడులుంటాయి, అక్కడ భూగర్భ శాస్త్రం టిక్కు తీసేయడం ఇంకో దారి.

జోడించే పద్ధతి కష్టమేం కాదు. ఒకే సంగతికి ఉన్న వేర్వేరు పేర్ల మధ్య 'ఆర్' పెడతాం, వాటన్నిటినీ ఒక బ్రాకెట్‌లో వేస్తాం. రెండు వేర్వేరు సంగతుల మధ్య 'అండ్' పెడతాం. రెండు మూడు మాటలు విడిపోకుండా కలిసే రావాలంటే వాటికి కొటేషన్ గుర్తులు పెడతాం. ఉదాహరణకు, ఆదివాసీ మహిళలు, కమ్యూనిటీ రేడియో అనేది మీ అంశం అనుకోండి. మొదటి బ్రాకెట్‌లో ఆదివాసీ ఆర్ ట్రైబల్ ఆర్ ఇండిజినస్ ఆర్ 'షెడ్యూల్డ్ ట్రైబ్'. రెండో బ్రాకెట్‌లో 'కమ్యూనిటీ రేడియో' ఆర్ 'కమ్యూనిటీ మీడియా'. మూడో దాంట్లో మహిళలకు వాడే మాటలు. మధ్యలో అండ్. మొదటిసారి మరీ తక్కువ వస్తే మూడో బ్రాకెట్ తీసేయండి. వేలల్లో వస్తే ఇండియా అని ఇంకోటి చేర్చండి. ఇది వల వేయడం లాంటిదే. కన్ను ఎంత పెద్దగా ఉండాలో ఒక్కసారికి తెలియదు, నాలుగుసార్లు వేసి చూడాలి. వేసిన ప్రతిసారీ ఏ మాటలు కొట్టారో, ఎక్కడ కొట్టారో, ఏ తేదీనో నోటుబుక్‌లో రాసుకోండి. ఇది చేయని పిల్లలు రెండు నెలల తర్వాత అదే వెతుకులాట మళ్లీ మొదటి నుంచి చేస్తుంటారు.

ఇప్పుడు, ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్న. కమ్యూనికేషన్‌కు ప్రత్యేకంగా ఎబ్స్కో సంస్థ వారి 'కమ్యూనికేషన్ అండ్ మాస్ మీడియా కంప్లీట్' అనే డేటాబేస్ ఉంది. చందా కట్టిన పెద్ద విశ్వవిద్యాలయాల్లో దొరుకుతుంది. ఉంటే తప్పకుండా వాడండి. కానీ మన విషయానికి అదొక్కటే సరిపోదు. దానికి కారణం కాస్త వివరంగా చెప్పాలి.

మన దగ్గర ప్రధాన్ కిక్రి వాయిస్తూ గోండుల పుట్టుక కథ చెప్తాడు. ఏ సగా వాళ్లకు ఏ దేవుళ్లు, ఎవరు ఎక్కడినుంచి వచ్చారు అన్నదంతా అక్షరం లేకుండా తరం నుంచి తరానికి అట్లా వచ్చింది. తోటీలూ అంతే. ఇది కమ్యూనికేషన్ కాదా? ఇంతకంటే పెద్ద కమ్యూనికేషన్ ఏముంటుంది? కానీ దాని మీద రాసినవాళ్లెవరూ కమ్యూనికేషన్ అనే మాట వాడలేదు. 'బార్డ్స్' అన్నారు, 'ఓరల్ ట్రెడిషన్' అన్నారు, 'మిత్' అన్నారు, 'పర్ఫార్మెన్స్' అన్నారు. హైమెన్‌డార్ఫ్ పుస్తకంలో పురాణ గాథల భాగమంతా ఈ గాయకులు చెప్పిందే. అది మానవ శాస్త్రం అరలో ఉంటుంది. దండారి, గుస్సాడీ మీద వెతికితే జానపద విజ్ఞానం, నృత్యం అరల్లో తేలుతుంది. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్ల నిండా ఆ వార్తే. ఆ వార్తలను ఏ పత్రిక ఎట్లా రాసింది, గుస్సాడీని పూజగా చూపించిందా, వేదిక మీది డ్యాన్సుగా చూపించిందా అని పరిశీలిస్తే అది అచ్చమైన మీడియా అధ్యయనం. ఎవరైనా చేస్తారేమోనని నేను ఎదురు చూస్తున్నాను.

ఇంకో ఉదాహరణ. ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి 2010లో 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టారు. మామూలు ఫోన్ నుంచి కాల్ చేసి, మన భాషలో మన ఊరి సంగతి రికార్డు చేయొచ్చు, ఇతరులు చెప్పింది వినొచ్చు. గోండి మాట్లాడేవాళ్లు, చదవడం రాయడం రానివాళ్లు కూడా వార్త చెప్పగలిగారు. దీని మీద ప్రీతి ముద్లియార్, జొనాథన్ డోనర్, విలియం థీస్ కలిసి రాసిన వ్యాసం ఉంది. అది ముందు సమాచార సాంకేతికత, అభివృద్ధి అనే రంగం సదస్సులో వచ్చింది, ఆ తర్వాత 2013లో 'ఇన్ఫర్మేషన్ టెక్నాలజీస్ అండ్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్' అనే జర్నల్‌లో. ఉచితంగానే చదవొచ్చు. గోండి భాషకు కంప్యూటర్ సాయం ఎట్లా అందించవచ్చో, అందులో ఏం నేర్చుకున్నారో చెప్పే మరో వ్యాసం 2020లో భాషా సాంకేతికత వాళ్ల సదస్సులో వచ్చింది. అది 'ఏసీఎల్ ఆంథాలజీ'లో ఉచితం. పత్రికారంగం అర మాత్రమే చూసినవాడికి ఈ రెండూ దొరక్కపోవచ్చు. అందుకే నా మాట ఏమంటే, ముందు గూగుల్ స్కాలర్‌లో విస్తారంగా వెతికి మన విషయం ఏయే రంగాల్లో ఉందో పసిగట్టండి. తర్వాత ఆయా డేటాబేసుల్లోకి దిగండి.

ఒక్క మంచి వ్యాసం దొరికిందా, సగం పని అయిపోయినట్టే. దాని చివర ఉన్న జాబితా చదవండి. ఆ రచయిత ఎవరి భుజం మీద నిలబడ్డాడో అక్కడ తెలుస్తుంది. అది వెనక్కి పోయే దారి. ముందుకు పోయే దారి కూడా ఉంది. గూగుల్ స్కాలర్‌లో ప్రతి వ్యాసం కింద 'సైటెడ్ బై' అని ఒక అంకె ఉంటుంది. దాని మీద నొక్కితే, ఈ వ్యాసాన్ని చదివి తర్వాత ఎవరెవరు రాశారో వరుసగా వస్తుంది. అట్లాగే వ్యాసం మొదట్లో 'కీవర్డ్స్' అని నాలుగైదు మాటలుంటాయి. మీకు తట్టని పేరు ఒకటి అక్కడ కనిపిస్తుంది. దాన్ని తీసుకెళ్లి మీ బ్రాకెట్‌లో వేసుకోండి.

సరే, పేరు దొరికింది, నొక్కితే డబ్బులు అడుగుతుంది. ఒక్క వ్యాసానికి ముప్పై, నలభై డాలర్లు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎవరూ తమ జేబులోంచి కట్టకండి.

మొదట మీ కాలేజీ లైబ్రేరియన్ దగ్గరకు పోండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకానికి ఒప్పుకుంది. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ముప్పై ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద నడిచే 6,300కు పైగా ఉన్నత విద్యా సంస్థలకు, పరిశోధన సంస్థలకు. కమ్యూనికేషన్ జర్నళ్లు ఎక్కువగా వేసే సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ లాంటి సంస్థలు అందులో ఉన్నాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే ఇది మీకు హక్కుగా వచ్చిన వసతి. కాలేజీ నమోదు అయిందా, నా పేరు మీద లాగిన్ ఇస్తారా, ఇంటి దగ్గర నుంచి చూసే ఏర్పాటు ఉందా అని అడగండి. నమోదు కాకపోయి ఉంటే, ప్రిన్సిపాల్ గారికి ఒక దరఖాస్తు రాసి ఇవ్వండి. ఒక్కరు రాస్తే పక్కన పెడతారు, ఇరవై మంది సంతకం పెడితే చదువుతారు. స్కాలర్‌షిప్ ఆగితే ధర్నా చేసే మనం, 6,000 కోట్ల లైబ్రరీ గురించి అడగకపోవడం ఏమిటి?

ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లు, చదువు అయిపోయినవాళ్లు దిగులు పడొద్దు. జేస్టోర్‌లో సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే నెలకు వంద వ్యాసాల దాకా తెర మీద చదువుకోనిస్తారు. డౌన్‌లోడ్ కాదు, చదవడం. మనకు అది చాలు. 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' పాత సంచికలు అందులో ఉన్నాయి. తెలుగు పత్రికల మీద రాబిన్ జెఫ్రీ 1997లో రాసిన వ్యాసం ఆ వీక్లీలోనే వచ్చింది. ఈనాడు ఎట్లా జిల్లా జిల్లాకూ పోయిందో, పాత పత్రికలు ఎందుకు వెనకబడ్డాయో అందులో చదవొచ్చు. ఇక, ఇండియాలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు 'శోధ్‌గంగ' ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్ నుంచి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతుంది. ఐదు లక్షలకు పైగా గ్రంథాలు, పూర్తి పాఠంతో, ఉచితంగా. మన కాకతీయ, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలవి అక్కడ వెతకొచ్చు. తెలుగులో రాసిన గ్రంథం పేరును ఒకచోట తెలుగు లిపిలో, ఒకచోట ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. అందుకే రెండు విధాలుగానూ కొట్టి చూడండి. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖకు కూడా ఒక డిజిటల్ భాండాగారం ఉంది. వివిధ రాష్ట్రాల గిరిజన పరిశోధన సంస్థల నివేదికలు అందులో దొరుకుతాయి. అవి జర్నల్ వ్యాసాలు కావు, ప్రభుత్వం కోసం రాసినవి. ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవాలి.

అన్నీ అయినా దొరకలేదనుకోండి, రచయితకే ఈమెయిల్ రాయండి. నాలుగు లైన్లు చాలు. నేను ఫలానా కాలేజీలో చదువుతున్నాను, మా సముదాయం గురించి మీరు రాసిన ఈ వ్యాసం చదవాలనుకుంటున్నాను, ఒక ప్రతి పంపగలరా అని. తాము రాసిన మనుషుల నుంచే ఉత్తరం వస్తే చాలామంది సంతోషంగా పంపుతారు. పంపడంతో ఆగకుండా, మీరు ఏమనుకుంటున్నారని అడిగేవాళ్లూ ఉంటారు.

ఇక రెండు హెచ్చరికలు. మొదటిది, వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు. రెండు వేలు కట్టండి, మూడు రోజుల్లో అంతర్జాతీయ జర్నల్‌లో వేస్తాం అని. అసలైన జర్నల్‌లో మీ వ్యాసాన్ని ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదివి, తప్పులు చూపి, తిప్పి పంపి, దిద్దాక వేస్తారు. దాన్నే పీర్ రివ్యూ అంటారు. దానికి నెలలు పడుతుంది. మూడు రోజుల్లో అయ్యే పని కాదు. ఇదివరకు యూజీసీ వాళ్లు కేర్ అనే జాబితా పెట్టి ఏ జర్నల్ మంచిదో చెప్పేవాళ్లు. 2025లో ఆ జాబితా నిలిపేశారు. కాబట్టి సంపాదక వర్గం ఎవరు, పాత సంచికల్లో ఏం వేశారు అన్నది మీ కళ్లతో మీరే చూసుకోవాలి. అట్లాంటి చోట వచ్చిన వ్యాసాలను మీ సమీక్షలో వాడుకునే ముందు కూడా ఇదే పరీక్ష.

రెండోది చాట్‌బాట్. గోండుల మీద పది వ్యాసాలు చెప్పు అంటే టకటకా పది చెప్తుంది. పేరు, సంవత్సరం, జర్నల్, పేజీ నంబర్లతో సహా. అందులో కొన్ని ఈ భూమ్మీద లేనివి ఉంటాయి. ఉన్నట్టే అనిపిస్తాయి, అదే దాని గడుసుతనం. పర్యాయ పదాలు అడగడానికి, కష్టమైన సారాంశాన్ని తేలిక మాటల్లో చెప్పించుకోవడానికి వాడుకోండి, నేనేం కాదనను. వ్యాసం పేరు ఇస్తే మాత్రం డేటాబేస్‌లో తెరిచి, కంటితో చూసేదాకా నమ్మకండి. ఈ కాలంలో చాలా వ్యాసాలకు డీఓఐ అని ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు కొడితే నేరుగా ఆ వ్యాసం తెరుచుకోవాలి. తెరుచుకోకపోయినా, వేరే వ్యాసం తెరుచుకున్నా, సంగతి అర్థమైపోతుంది.

చదివేటప్పుడు భయపడకండి. ఇరవై ఐదు పేజీల ఇంగ్లీషు చూడగానే గుండె జారుతుంది. ముందు సారాంశం, తర్వాత ముగింపు. ఈ రెండూ చదివి మనకు పనికొస్తుందనుకుంటేనే లోపలికి పోండి. లోపలికి పోయాక మాత్రం మనోళ్ల కళ్లతో చదవండి. ఇది మీకున్న బలం, ఢిల్లీ విద్యార్థికి లేనిది. సగా లెక్క తప్పు రాశారా, ఊరి పేరు తారుమారు చేశారా, పెర్సాపేన్ పూజను జాతర అనేసి చేతులు దులుపుకున్నారా, మీకు వెంటనే తెలుస్తుంది. హైమెన్‌డార్ఫ్ అయినా సరే, ఆయన నిజాం ప్రభుత్వం నియమించిన మనిషి. భూములు పోయిన గోండుల పక్షాన గట్టిగానే రాశాడు, మార్లవాయి వాళ్లు ఈ రోజుకీ ఆయనను తలుచుకుంటారు. అయినా ఏ మాట ఎవరికోసం రాశాడో గమనిస్తూనే చదవాలి. అభిమానం వేరు, చదవడం వేరు. తప్పు కనిపిస్తే పక్కన రాసుకోండి, ఊరికి పోయి పటేల్‌నో, దేవారినో, అవ్వనో అడగండి. వాళ్లు చెప్పింది తేదీతో, పేరు చెప్పడానికి వాళ్లు ఒప్పుకుంటే పేరుతో నమోదు చేయండి. మీ పరిశోధనలో కొత్త మాట అక్కడే పుడుతుంది.

అన్ని పేర్లతో, అన్ని అరల్లో వెతికినా నిజంగానే ఏమీ దొరకని సంగతులు ఉంటాయి. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం మన భాషల్లో వేసిన కార్యక్రమాలను మన ఊళ్లలో ఎవరు, ఎప్పుడు, ఎట్లా విన్నారు? గుంజాలలో బయటపడిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, మరి మన పిల్లల ఫోన్లలో దాన్ని ఎంతమంది వాడుతున్నారు, వాట్సాప్‌లో గోండిని తెలుగు అక్షరాల్లోనే ఎందుకు రాస్తున్నారు? గని సైరన్ టైముకు బతికిన ఈ బెల్లంపల్లి బస్తీల్లో నాయక్‌పోడ్ కుటుంబాలకు ఊరి కబురు ఎట్లా చేరేది? ఇట్లాంటి అంశం ఎత్తుకున్నవాళ్లు, వెతికిన ప్రతి డేటాబేస్ పేరూ, వాడిన ప్రతి మాటా రిపోర్టులో రాయండి. అప్పుడు 'ఇంతవరకు పరిశోధన జరగలేదు' అని మీరు రాస్తే, గైడ్ సార్ ఎదురు ప్రశ్న వేయలేరు.

గ్రంథం పూర్తయ్యాక ఒక ప్రతి ఊళ్లో ఇవ్వండి, ఇంకోటి సంఘానికి ఇవ్వండి. మన దగ్గర ఒక బీరువా ఖాళీగానే ఉంది.

భోజనాల తర్వాత నేను వెనక గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. మీ అంశం ఒక కాగితం మీద ఒకే వాక్యంలో రాసుకుని రండి. దాని కింద మీ ఇంట్లో, మీ ఊళ్లో, ఆఫీసుల్లో, పాత కాగితాల్లో ఆ సంగతికి వాడే పేర్లన్నీ రాయండి. నాలుగు పేర్లకు తక్కువ ఉంటే మీ అమ్మకో, తాతకో ఫోన్ చేసి అడిగి రండి. ఇద్దరిద్దరుగా కూర్చుని వెతుకుదాం. రామ్ రామ్.